చిరుధాన్యపు బిళ్ళలు : ఇంట చేసికొను విధానము

పట్టణములలో నిప్పుడు బర్గరు అను తినుబండారము విరివిగా అమ్ముచున్నారు. గుండ్రని మెత్తని రొట్టెను అడ్డముగా రెండుగా కోసి, నడుమ వేచిన బిళ్ళ నొకటి యుంచి, రెండు ఆకులును ఉల్లిపాయ చక్రములును చేర్చి చేతికిత్తురు. ఈ పేరు జర్మనీ దేశములోని హాంబర్గు పట్టణమును బట్టి వచ్చినది. మొదట ఆ నడిమి బిళ్ళ మాంసపు బిళ్ళయే. మాంసము లేని బిళ్ళకు కావలసిన పొడిని 1982 సంవత్సరమున గ్రెగరీ శామ్స్ అను నతడు లండనులో పొట్లములుగా కట్టి అమ్మనారంభించెను. ఇంటికి గొనిపోయి నీళ్ళు కలిపి, తట్టి, పెనముపై కాల్చుకొనుటయే కొన్నవారి పని. మన దేశమున 1996లో అమెరికా కంపెనీ యొకటి అంగళ్ళు తెరచినది మొదలు బంగాళదుంప బిళ్ళ పెట్టిన బర్గరు పిల్లలకు పరిచయమైనది. ఇప్పుడు టెక్కలి, పలాస, శ్రీకాకుళము బజారులలో దాని పేరు తెలియని బాలుడు లేడు.

ఆ రొట్టెతో మనకు పని లేదు. అది మైదా, మన పొలమున పండునది కాదు, దానివలన బలమును తక్కువ. నడుమనున్న బిళ్ళతోనే మన పని. అది యేమి? ఉడికిన గింజ, ఉడికిన పప్పు, కొంత కూర, వీనిని పట్టియుంచు జిగురు, పైన వేగిన పెచ్చు. ఈ సరకులలో మన అటుకమీద లేనిది ఒక్కటియు లేదు. గారెయు, తపాలా చెక్కయు, దిబ్బరొట్టెయు చేయనేర్చిన గృహిణికి ఈ బిళ్ళ చేయుట క్రొత్త విద్య కానేరదు. అయినను గారెకును దీనికిని ముఖ్యమైన భేద మొకటి కలదు. గారె పచ్చి పిండితో చేసి నూనెలో ముంచి వేచెదము. బిళ్ళ ముందుగా ఉడికిన సరకుతో చేసి, కొద్ది నూనెతో పెనముపై కాల్చెదము. కావున నూనె ఖర్చు తక్కువ, కడుపునకు తేలిక, చేలోనికి మూట కట్టుకొనిపోవుటకు అనుకూలము.

సంఘ పత్రికలో వంటల ప్రసక్తి యేల యని కొందరు సభ్యులు అడుగవచ్చును. ఎరువులు, అప్పులు, విత్తనములు విడిచి పెనము దగ్గర కూర్చుంటి రేమని పరిహసింపనువచ్చును. కారణము చెప్పెదము.

నౌపడ స్టేషనునుండి పర్లాకిమిడికి సన్నని రైలుదారి 1900లో వేయబడినది. 1931 నాటికి అది గుణుపురము వరకు సాగినది. 2004లో ఆపి, వెడల్పు చేసి, 2011లో మరల నడిపించుచున్నారు. ఒకవైపున సముద్రతీరపు ఉప్పుమళ్ళు, వేరొకవైపున వంశధార లోయయు దాని పైని కొండలును ఈ దారిచేత కలిసియున్నవి. ఆ కొండ వాలులలోను, మన మెట్ట చెక్కలలోను చోళ్ళు, సామలు, గంటెలు, కొర్రలు, ఉలవలు తరతరములుగా పండుచున్నవి. పల్లపు రైతు వరి పండించి అమ్ముకొని, ఇంట ఉదయమున చోడి అంబలి త్రాగెడివాడు. మెట్ట రైతునకు రెండు పూటలును అదియే ఆధారము. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యమిచ్చు పథకము మన రాష్ట్రమున వచ్చినది. అది పేదల ఆకలి తీర్చినది. దానిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. కాని దానితోబాటు ఇంకొకటియు జరిగినది. మూడు పూటలును మరబియ్యపు తెల్ల అన్నమే తినుట గౌరవమనియు, అంబలి లేమికి గుర్తనియు పిల్లలు తలపసాగిరి. ఇంట తినువారు లేనప్పుడు చేన చల్లువారును తగ్గుదురు గదా.

దీనివలన నష్టమెంతయో అంకెలే చెప్పును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల చోళ్ళలో 364 మిల్లీగ్రాముల కాల్షియము, అనగా ఎముకలకు కావలసిన సున్నపు ధాతువు, కలదు. మరబియ్యమున అది ఎనిమిది మిల్లీగ్రాములకు మించదు. ఉలవలలో మాంసకృత్తులు నూటికి సుమారు 22 పాళ్ళు. బియ్యమున ఎనిమిది లోపు. ఇది క్రొత్తగా కనుగొన్న విషయము కాదు. కూనూరు పరిశోధనాలయమునుండి డాక్టరు అయిక్రాయిడ్ 1937లో ప్రకటించిన పట్టికలయందును చోళ్ళ సున్నపు గుణము చూపబడియున్నది. గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును, పాలుమరచిన పిల్లలకును ఈ ధాతువే ఎక్కువ కావలెను. వారి కంచములలోనే అది కరవగుచున్నది.

ఇక ధర మాట. 2025-26 ఖరీఫునకు కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన కనీస మద్దతు ధర చోళ్ళకు క్వింటాలు ఒకటికి 4,886 రూపాయలు. సాధారణపు వరికి 2,369 రూపాయలు. కాగితముమీద చోళ్ళ ధర వరికి రెండింతలు. కాని కొనువాడు కళ్ళమునకు రానిచో ఆ ధర గోడమీది వ్రాత వంటిది. కొనువాడు రావలెనన్న తినువారుండవలెను. తినువారిలో మొదటివారు మన పిల్లలే. అంబలి యనిన మొగము త్రిప్పుకొను బాలుడు బిళ్ళ యనిన చేయి చాచును. అందుచేత ఈ వ్యాసము.

సరకులు

ఐదారుగురున్న ఇంటికి పండ్రెండు బిళ్ళలు చాలును. వానికి కావలసినవి: దంచిన సామలు నూరు గ్రాములు, ఉలవలు నూరు గ్రాములు, చోడిపిండి ఏబది గ్రాములు, చిలగడదుంప నూట ఏబది గ్రాములు, ఉల్లిపాయలు నూరు గ్రాములు, కడిగి సన్నగా తరిగిన మునగాకు ఏబది గ్రాములు. అల్లము చిన్న ముక్క, పచ్చిమిరపకాయలు మూడు నాలుగు, జీలకర్ర ఒక చెంచా, కొత్తిమీర దొరికినంత, ఉప్పు ఎనిమిది గ్రాములు, అనగా చిన్న చెంచాతో ఒకటిన్నర. కాల్చుటకు నూనె నాలుగైదు చెంచాలు. తూచుటకు సాధనము లేనివారు ఒకే గిన్నెను కొలతగా పెట్టుకొనవలెను: సామలొక గిన్నె, ఉలవలొక గిన్నె, చోడిపిండి ముప్పాతిక గిన్నె. మిగిలినవి కంటి అంచనాతో సరిపోవును.

ఉలవలను ముందునాటి రాత్రియే ఏరి, రాళ్ళు తీసి, నానబోయవలెను. పది పండ్రెండు గంటలు నానిన పిదప ఆ నీటిని పారబోసి, క్రొత్త నీటితో ఉడికింపవలెను. తీరిక యున్నవారు నానిన ఉలవలను గుడ్డలో కట్టి ఒకనాడు మొలక తీసిన మరియు మంచిది. గింజలోని ఇనుమును పట్టియుంచు పదార్థము మొలకతో కొంత తగ్గి, దేహమునకు ఇనుము బాగుగా అందును. ఉడుకు విషయములో తొందర పనికిరాదు. రెండు వ్రేళ్ళ నడుమ నలిపిన గింజ నలగవలెను. నడుమ పలుకు మిగిలినచో బిళ్ళ చీలును, కడుపును ఉబ్బును. ఉడికిన తరువాత నీరు పూర్తిగా వార్చవలెను. ఆ నీటిని పారబోయరాదు. దానితో ఆ పూటకు చారు కాచుకొనవచ్చును. ఉలవచారు రుచి తెలిసినవారికి ఈ మాట చెప్పనవసరము లేదు. వార్చిన ఉలవలను రోటిలో కచ్చాపచ్చాగా నలుగగొట్టవలెను. మెత్తని ముద్దగా రుబ్బిన బిళ్ళ పిండికట్టి నోటికి బంకగా తగులును. సగము నలిగి సగము గింజగా నుండవలెను.

సామలను కడిగి, ఒకటికి రెండుంబావు కొలతల నీటితో వండవలెను. అన్నమువలె విడివిడిగా గాక, కొంచెము ముద్దగా నుండవలెను. కాని జావ కారాదు. వండిన వెంటనే పళ్ళెములో గాని చేటపై పరచిన శుభ్రమైన గుడ్డమీద గాని పలుచగా పరచి ఆరబెట్టవలెను. చిలగడదుంపను పొట్టుతోనే ఉడికించి, తరువాత ఒలిచి, చిదుపవలెను. ఒలిచి ముక్కలు కోసి ఉడికించిన దుంప నీరు త్రాగి బిళ్ళను చెడగొట్టును.

బిళ్ళ విరుగుటకు కారణము

బిళ్ళలు చేయబోయి, పెనముమీద అది ముక్కలై, తుదకు ఉప్మావలె చెంచాతో తీసి పెట్టితిమని చెప్పువారు పలువురు. దీనికి కారణము తెలియనిదే ఎన్నిమారులు చేసినను అదియే గతి. గోధుమపిండిని తడిపి పిసికిన జిగురు పుట్టును; ఆ జిగురు గోధుమలోని మాంసకృత్తులది. అందుచేతనే గోధుమ రొట్టెను ఎంత పలుచగా వత్తినను చినగదు. చోడి, సామ, గంటి, కొర్ర, జొన్న, వీనిలో నే గింజకును ఆ జిగురు లేదు. పచ్చి చోడిపిండిని చన్నీటితో ఎంత పిసికినను పట్టు కలుగదు. తడిసిన ఇసుక వంటిదే. అయితే మన స్త్రీలు చోడిపిండితో సంకటి ఎట్లు గట్టిగా కట్టుచున్నారు? మరుగుచున్న నీటిలో పిండి వేసి కెలుకుటచేత. వేడినీటిలో పిండిపదార్థము ఉబ్బి, పగిలి, జిగురగును. ఈ యొక్క సంగతి గ్రహించినవారికి బిళ్ళ విరుగదు.

కావున ఏబది గ్రాముల చోడిపిండిని రెండు భాగములు చేయవలెను. ముప్పది గ్రాములు ఒకవైపు, ఇరువది గ్రాములు వేరొకవైపు. చిన్న గిన్నెలో డెబ్బదియైదు మిల్లీలీటర్ల నీరు, అనగా చిన్న టీ గ్లాసులో ముప్పాతిక, మరిగించి అందు ముప్పది గ్రాముల పిండి వేసి, ఉండకట్టకుండ కెలికి, రెండు నిమిషములు సన్నని సెగపై మగ్గనిచ్చి దింపవలెను. ఇది చిన్న సంకటి ముద్ద. ఇదియే మన జిగురు. మిగిలిన ఇరువది గ్రాముల పిండిని పొడి పెనముమీద కమ్మని వాసన వచ్చువరకు వేచి యుంచవలెను. ఇది తేమను పీల్చుటకు. ఒకటి పట్టుకొనునది, ఒకటి ఆరబెట్టునది, రెండును కావలెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. పసిపిల్లల జావకై చోళ్ళను మొలకెత్తించి, ఎండబెట్టి, విసరిన పిండి పెక్కిండ్లలో నుండును. అది పిల్లల జావకు శ్రేష్ఠమైనది. కాని బిళ్ళకు అది తగదు. మొలకెత్తు గింజలో పుట్టు ఒక ద్రవ్యము పిండిపదార్థమును విరుగగొట్టి పలుచన చేయును. పిల్లవానికి జావ పలుచబడి సులభముగా దిగుటకు కారణమైన ఆ గుణమే బిళ్ళకు పట్టు లేకుండ చేయును. మొలకెత్తని చోడిపిండినే వాడవలెను.

రెండవ కారణము తడి. ఉల్లిపాయ, ఆకు, ఆనపకాయ, బీరకాయ మొదలగునవి ఉప్పు తగిలినంతనే నీరు విడుచును. ఆనపకాయ కోరు వేయువారు దానికి ముందే చిటికెడు ఉప్పు చల్లి, పది నిమిషములు ఆగి, గుడ్డలో వేసి గట్టిగా పిండవలెను. ఉల్లిపాయ తరుగును కొద్ది నూనెలో మగ్గించి చల్లార్చి కలిపిన నీరు పోయి రుచియు హెచ్చును. మునగాకును దానితోబాటే ఒక నిమిషము వేచిన చాలును.

మూడవ కారణము వేడి. వేడి సామలతో, వేడి ఉలవలతో కలిపిన ముద్దనుండి ఆవిరి పుట్టుచునే యుండును. అది చల్లారి నీరై లోపల నిలుచును. రాత్రి అన్నము ఉదయమునకు గట్టిపడుట అందరును ఎరిగినదే. ఉడికి చల్లారిన గింజకు అట్టి గట్టిదనము వచ్చును. ఆ గట్టిదనము మనకు కావలెను. కాబట్టి సరకులన్నియు చల్లారిన తరువాతనే కలుపవలెను; కలిపి తట్టిన బిళ్ళలను ఇంకను అరగంట నీడపట్టున ఉంచవలెను.

కలుపుట, తట్టుట, కాల్చుట

వెడల్పైన పళ్ళెములో ఉలవలు, సామలు, దుంప, సంకటి ముద్ద, మగ్గిన ఉల్లియాకులు, నూరిన అల్లము మిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి చేతితో కలుపవలెను. పిండి పిసికినట్లు బలముగా పిసుకరాదు, గింజలు చితికిపోవును. నిమ్మకాయంత ముద్ద తీసి అరచేతిలో వత్తి చూడవలెను. అంచులు చీలినచో పొడిగా నున్నదని గురుతు: ఉలవకట్టు చిలికించవలెను. అరచేతికి అంటుకొని రానిచో తడిగా నున్నదని గురుతు: వేచిన చోడిపిండి కొద్దికొద్దిగా చల్లి కలుపవలెను. ఇరువది గ్రాములును పట్టవలెనను నియమము లేదు. వానకాలమున ఎక్కువ పట్టును, వేసవిలో తక్కువ పట్టును. మిగిలిన పిండిని తట్టిన బిళ్ళలపై అద్దుటకు వాడుకొనవచ్చును.

ముద్దను పండ్రెండు ఉండలు చేసి, తడి చేతితో అరిటాకుమీద తట్టవలెను. మందము ఒకటిన్నర సెంటీమీటరు, అనగా చిటికెనవ్రేలి మందము, ఉండిన సరి. అంతకు పలుచనైన విరుగును. మందమైన లోపల చల్లగా మిగులును. అంచులను వ్రేలితో నున్నగా దిద్దవలెను. అంచున పగులున్నచో పెనముమీద ఆ పగులే మొదట విచ్చును.

పెనము ఇనుపదైన మేలు. బాగుగా కాగనిచ్చి, నీటి చుక్క వేసిన చురుక్కుమని పరుగెత్తవలెను. నాలుగు బిళ్ళలకు ఒక చెంచా నూనె రాసి, బిళ్ళలను ఎడముగా వేసి, సెగ తగ్గించవలెను. కట్టెల పొయ్యియైనచో రెండు కట్టెలు వెనుకకు లాగవలెను. ఇక అయిదు నిమిషములు దాని నంటరాదు. ఈ అయిదు నిమిషములే కష్టము. అట్లకాడ చేతనున్నవారికి కదల్పక యుండుట వ్రతము వంటిది. అడుగున పెచ్చు కట్టిన తరువాత బిళ్ళ తనంతట పెనమును విడుచును. విడువనిచో ఇంకను కాలలేదని తెలిసికొనవలెను. త్రిప్పి వేసి, రెండవవైపు నాలుగు నిమిషములు కాల్చవలెను. మూత పెట్టరాదు, ఆవిరి తగిలి పెచ్చు మెత్తబడును.

పండ్రెండింటిలో రెండు బిళ్ళలు ఒకరి వంతు. ఆ రెంటిలో సుమారు నూరు మిల్లీగ్రాముల కాల్షియమును, ఆరేడు గ్రాముల మాంసకృత్తులును లభించును. నిమ్మకాయ పిండుకొని తిన్న ఇనుము దేహమునకు బాగుగా పట్టును. తిన్న వెంటనే టీ త్రాగిన ఆ లాభము పోవును. మన యూళ్ళలో టీ అలవాటు ఎంత బలమైనదో తెలిసియే ఈ మాట వ్రాయుచున్నాము. ఒక గంట ఆగిన చాలును.

గింజల మార్పు

సామలు లేనివారు కొర్రలతో చేయవచ్చును, కొలతలు అవియే. జొన్నలైనచో రాత్రి నానబెట్టి, ఎక్కువసేపు ఉడికించి, రోటిలో ఒకసారి నలుగగొట్టవలెను. గంటెలు బలమైనవి, రుచియైనవి. కాని గంటి పిండిలో నూనె పాలు హెచ్చగుటచేత విసరిన కొలదిదినములకే చేదెక్కును. వారము దినములకు సరిపడునంతకన్న హెచ్చు విసరరాదు. ఏమియు లేనివారు బియ్యపు నూకలతో చేసినను బిళ్ళ వచ్చును. బలము మాత్రము ఉలవలు, చోడిపిండి, ఆకులనుండియే రావలెను. ఉలవలకు బదులు బొబ్బర్లు, పెసలు వాడవచ్చును. చిలగడదుంపకు బదులు కంద వాడువారు దానిని చింతపండు నీటిలో ఉడికింపవలెను, లేనిచో గొంతు దురదపెట్టును.

అరికెల విషయమై ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. కోతకాలమున వాన తగిలి బూజుపట్టిన అరికెలు తిన్న మత్తు, వాంతి, వణకు కలుగుట పూర్వులు ఎరిగినదే. 2024 అక్టోబరులో మధ్యప్రదేశములోని బాంధవ్‌గఢ్ అడవిలో పది ఏనుగులు చచ్చినప్పుడు పరీక్షించినవారు ఆ బూజు విషమునే వాని కడుపులలో కనుగొనిరి. నల్లబడిన, ముక్కవాసన గల అరికెలను కడిగి ఎండబెట్టి వాడుదమని తలపరాదు. ఆ విషము కడిగిన పోవునది కాదు.

చోళ్ళు మాత్రము నిలువకు పెట్టినది పేరు. పొడిగా నుంచిన సంవత్సరముల తరబడి పురుగు పట్టక నిలుచును. దంచి పొట్టు తీయవలసిన పనియు లేదు. సామలకు, కొర్రలకు ఆ శ్రమ తప్పదు. ఇంట సామలు తినుట మానుటకు ఒక ముఖ్య కారణము ఆ దంపుడు శ్రమయే. ఆ శ్రమ స్త్రీలది. ఈ మాట మగవారు గ్రహింపక, పాత తిండి పోయెనని విచారించుట వలన ప్రయోజనము లేదు. పొట్టు తీయు చిన్న యంత్రమొకటి సంఘము పక్షమున నుండిన, వంతులవారీగా సభ్యులందరును వాడుకొనవచ్చును. పొట్టుమాత్రమే తీయించి, తవుడు పోవునట్లు తెల్లగా పాలిషు పట్టింపకుండ జూచుకొనవలెను. తవుడు మిగిలిన గింజ ఎక్కువకాలము నిలువదు గనుక కావలసినప్పుడు కావలసినంతయే ఆడించవలెను.

విత్తనము కోరువారికి విజయనగరములోని వ్యవసాయ పరిశోధనా స్థానము చోళ్ళపై చిరకాలముగా కృషి చేయుచున్నది. చంపావతి, భారతి, శ్రీచైతన్య, హిమ, వేగావతి అను రకములు అచ్చటివే. వీనిలో చంపావతి, వేగావతి పేర్లు మన ప్రాంతపు నదులవి. వేగావతి రకమున ఇనుము హెచ్చు. హిమ తెల్లని గింజ. పిల్లలు నల్లని బిళ్ళ వలదన్నచో హిమ పిండి వాడి చూడవచ్చును.

ఉప్పు, రోగులు

నౌపడవారమై ఉప్పు మాట చెప్పక విడుచుట తగదు. మళ్ళలో పండిన ఉప్పు మన యెదుటనే గుట్టలుగా నుండును. ఇంటికి తెచ్చుకొనుట సులభము. కాని దానిలో అయోడిను చాలదు. అయోడిను లేమిచేత గొంతువాపును, గర్భస్థ శిశువులకు బుద్ధిమాంద్యమును కలుగును. ఈ కారణముచేతనే అయోడిను కలుపని ఉప్పును నేరుగా మనుష్యుల తిండికై అమ్మరాదని 2006 మే నుండి దేశమంతట నిషేధము కలదు. మళ్ళ ఉప్పు చేపల ఎండుకు, తోళ్ళకు, కర్మాగారములకు పోనిండు. వంటకు అయోడిను కలిపినదే వాడవలెను. పరిమాణమునందును జాగ్రత్త వలయును. పెద్దవారికి దినమునకు అయిదు గ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పైని కొలత ప్రకారము రెండు బిళ్ళలతో ఒకటిన్నర గ్రాములకు లోపుగా ఉప్పు చేరును. మీద ఊరగాయ నంజుకొన్న లెక్క తప్పును. ఎండలో చెమటోడ్చు మళ్ళ కూలీలు మజ్జిగ, నీళ్ళు విరివిగా త్రాగవలెను.

మనకు పొరుగుననున్న ఉద్దానము గ్రామములలో మూత్రపిండముల వ్యాధి పెక్కు కుటుంబములను పట్టి పీడించుచున్నది. దానికి కారణము వైద్యులలో నింకను స్థిరపడలేదు. ఆ వ్యాధి నిర్ణయమైనవారు ఈ బిళ్ళలను వైద్యుని అడుగకుండ తినరాదు. ఉలవలు, మునగాకు, చిలగడదుంప, చోళ్ళు ఇవన్నియు ఆరోగ్యవంతునికి మేలు చేయునవే. కాని పనిచేయని మూత్రపిండములు వీనిలోని పొటాషియమును బయటికి పంపలేవు. అది రక్తమున నిలిచిన గుండెకు ముప్పు. డయాలిసిసు చేయించుకొనువారికి మాంసకృత్తుల లెక్కయు వేరుగా నుండును. ఇంటిలో ఒకరికి ఈ జబ్బున్నచో వారి వంటను విడిగా చేయుటయే క్షేమము. చుట్టరికపు మొగమాటమున ‘ఒక్కటి తిను బాబూ’ అని బలవంతపెట్టరాదు.

నిలువ, అమ్మకము

కాల్చిన బిళ్ళలు ఉదయము చేసినవి మధ్యాహ్నము చేలో తినుటకు బాగుండును. మోదుగాకులో గాని అరిటాకులో గాని చుట్టి, గాలి ఆడునట్లు మూట కట్టవలెను. వేడిమీద డబ్బాలో మూసిన చెమర్చి పాచిపోవును. మన తీరపు ఉక్కలో రాత్రివరకు ఉంచరాదు. ఉడికిన గింజలలో, అన్నమునందువలెనే, గంటల తరబడి వెచ్చదనమున నుంచినచో వాంతులు కలిగించు విషము పుట్టును. మరల కాల్చినను అది పోదు. కాల్చని ముద్దను ఫ్రిజ్జులో ఒకనాడు ఉంచవచ్చును. ఫ్రిజ్జు లేనివారు పూటకు సరిపడునంతయే కలుపవలెను.

రొట్టె నడుమ పెట్టి తినవలెననుకొను పిల్లలకు మైదా బన్నుకు బదులు రెండు చిన్న చోడి రొట్టెల నడుమ పెట్టి, ఉల్లి చక్రము, టమాటా చక్రము చేర్చి, గోంగూర పచ్చడి కొద్దిగా రాసి ఇచ్చిన మరి మాటాడరు. పెద్దలకు పప్పుచారుతో నంజుకొనుటకు బాగుండును.

పొదుపు సంఘముల స్త్రీలు దీనిని అమ్మకమునకు చేయదలచినచో తడి బిళ్ళలకన్న పొడి మిశ్రమము అనుకూలము. లండనులో శామ్స్ చేసిన పనియే. సామలు రెండు పాళ్ళు దోరగా వేచి రవ్వగా ఆడించవలెను. ఉలవలు రెండు పాళ్ళు కమ్మగా, లోపలివరకు వేగునట్లు వేచి రవ్వగా ఆడించవలెను. వేచిన చోడిపిండి ఒక పాలు. నీడన ఆరబెట్టి నలిపిన మునగాకు, వేచిన జీలకర్ర, మిరపపొడి, ఉప్పు తగినంత. ఏ సరకునను తడి మిగులరాదు. నలిపిన మునగాకు చేతిలో గలగలమనవలెను. వాడువిధము: రెండు గిన్నెలకు కొంచెము తక్కువగా నీరు మరిగించి, అందు ఒక గిన్నె పొడి పోసి, ఉప్మావలె కెలికి, సన్నని సెగపై పది నిమిషములు మూతపెట్టి మగ్గించి, చల్లారిన పిదప ఉల్లిపాయ కలిపి తట్టి కాల్చవలెను. రుచి ఇంట చేసిన బిళ్ళకు కొంచెము తక్కువయే యైనను, పనికి పోవువారికి శ్రమ తక్కువ.

అమ్మువారు 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము క్రింద తమ పేరు నమోదు చేయించుకొనవలెను. ప్రతి పొట్లముమీదను సరకుల పేర్లు, నికరపు బరువు, తయారు చేసిన తేదీ, ఎన్నినాళ్ళు నిలుచునో, నమోదు సంఖ్య తెలుగులోను ముద్రింపవలెను. మొదటి విడత రెండు మూడు కిలోలకు మించి చేయక, నాలుగైదు పొట్లములు విడిగా దాచి, పదునైదు దినములకు ఒకటి చొప్పున విప్పి, వాసన చూచి, వండి చూచి, చేదు తగిలిన దినమును వ్రాసి పెట్టుకొనవలెను. పొట్లముపై వేయు గడువు ఆ దినమునకు ఒక నెల ముందుగా నుండవలెను.